పక్షవాతానికి స్టెమ్‌సెల్స్: జవాబు 2014లోనే వచ్చింది

పక్షవాతం వచ్చినవాళ్లకు స్టెమ్‌సెల్స్ (వేరే రకం కణాలుగా మారగలిగే మూలకణాలు) ఎక్కించి మళ్లీ నడిపిస్తామని ప్రకటనలు ఇవ్వొచ్చా, దానికి లక్షల్లో ఫీజులు తీసుకోవచ్చా అన్న గొడవ మళ్లీ రాజుకుంది. వద్దనే పరిశోధకులు ఒకవైపు, క్లినిక్‌లు ఇంకోవైపు. మధ్యలో నలిగేది కాలూ చెయ్యీ పడిపోయిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఏ దారీ తోచని కుటుంబం. కొత్త వైద్యానికి పాత నిబంధనలు అడ్డుపడుతున్నాయని కొందరు మాట్లాడుతున్నారు. అలా మాట్లాడేవాళ్లు ఒక సంగతి వదిలేస్తున్నారు. క్లినిక్‌లు ముందుకు తెచ్చే పద్ధతుల్లో ముఖ్యమైనదాన్ని మన దేశంలోనే, ప్రభుత్వ డబ్బుతో, మన రోగుల మీదే పరీక్షించి చూశారు. ఫలితాన్ని దాచకుండా అచ్చు వేశారు కూడా.

పక్షవాతం తెచ్చిపెట్టే స్ట్రోక్ ఎలా వస్తుంది, స్టెమ్‌సెల్ అంటే ఏమిటి అన్నవి ఇప్పటికే చాలాసార్లు చదివి ఉంటారు, వాటి జోలికి పోను. నేరుగా ఆ పరీక్ష దగ్గరికి వస్తాను.

దాని పేరు ఇన్వెస్ట్ ట్రయల్. ఢిల్లీ ఎయిమ్స్ న్యూరాలజిస్టు డాక్టర్ కామేశ్వర్ ప్రసాద్ నాయకత్వంలో, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం నిధులతో, ఒకటికి మించిన ఆసుపత్రుల్లో జరిగింది. మెదడులో రక్తనాళం పూడుకుపోయి స్ట్రోక్ వచ్చిన 120 మందిని తీసుకున్నారు. ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలన్నది డాక్టర్లు గానీ రోగులు గానీ నిర్ణయించలేదు, లాటరీ పద్ధతిలో తేల్చారు. మొదటి గుంపువాళ్లకు వాళ్ల ఎముక మజ్జే తీసి, అందులోంచి స్టెమ్‌సెల్స్ కలిసి ఉండే మోనోన్యూక్లియర్ కణాలు వేరు చేసి, సెలైన్ ఎక్కించినట్టు నరం ద్వారా ఎక్కించారు. సగటున ఒక్కొక్కరికి 28 కోట్ల కణాలు. స్ట్రోక్ వచ్చిన రెండు మూడు వారాలకు, అంటే మెదడు ఇంకా కుదుటపడుతున్న దశలోనే ఇచ్చారు. రెండో గుంపుకు మామూలు వైద్యం మాత్రమే అందింది.

ఆరు నెలల తర్వాత లెక్క చూశారు. చూసినవాళ్లకు ఎవరు ఏ గుంపో తెలియదు. తనంతట తాను తినడం, స్నానం చేయడం, బట్టలు వేసుకోవడం, బాత్రూముకు వెళ్లడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మెట్లెక్కడం లాంటి పనులకు వందకు మార్కులు వేసే బార్తెల్ ఇండెక్స్ అనే కొలత ఉంది. కణాలు తీసుకున్నవాళ్ల సగటు 63.1. తీసుకోనివాళ్లది 63.6. నడవడానికి, సొంత పనులకు ఇంకొకరి ఆసరా తప్పనిసరైన స్థితిలోనో అంతకన్నా కింద స్థాయిలోనో ఉన్నవాళ్లు మొదటి గుంపులో 47.5 శాతం, రెండో గుంపులో 49.2 శాతం. ఆ తేడాను తేడాగా లెక్కించడానికి లేదు. స్కాన్‌లో మెదడు దెబ్బతిన్న భాగం పరిమాణం చూసినా రెండు గుంపులూ ఒకటే. ఈ పద్ధతి వల్ల ప్రత్యేకంగా హాని కనబడలేదు, మేలు కూడా కనబడలేదు అని పరిశోధకులే రాశారు. 2014 చివర్లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పత్రిక 'స్ట్రోక్'లో ఇది వచ్చింది.

ఇప్పుడు రెండేళ్లు వెనక్కి వెళ్లాలి, ఎందుకంటే ఈ కథ మొదలైంది అక్కడే. ఇదే బృందం 2012లో 11 మంది మీద చేసిన చిన్న ప్రాథమిక అధ్యయనాన్ని ప్రచురించింది. పద్ధతి దాదాపు ఇదే. 11 మందిలో ఏడుగురు బాగా కోలుకున్నారు. పోల్చి చూడటానికి రెండో గుంపు మాత్రం లేదు. ఆ ఏడుగురిని చూసి ఇది పనిచేస్తోందని చెప్పేయడం చాలా సులభం. ఆ పని ఈ బృందం చేయలేదు. పెద్ద ట్రయల్ పెట్టింది. పోల్చడానికి రెండో గుంపును కూడా పెట్టేసరికి తెలిసింది, కణాలు ఎక్కించకపోయినా అంతే కోలుకుంటున్నారని.

నా దృష్టిలో మొత్తం వివాదానికి తాళంచెవి ఇదే. స్ట్రోక్ తర్వాత మెదడు తనంతట తాను కొంత సర్దుకుంటుంది. దెబ్బతిన్న భాగం చుట్టూ వాపు తగ్గుతుంది, పక్కనున్న భాగాలు కొత్త దారులు వేసుకుంటాయి. డెన్మార్క్‌లో 1990ల్లో జరిగిన కోపెన్‌హాగన్ అధ్యయనంలో, రోజువారీ పనుల విషయంలో 95 శాతం మంది తాము చేరగలిగిన స్థాయికి పన్నెండున్నర వారాల్లోపే చేరినట్టు తేలింది. ఆ మూడు నెలల్లో మనిషికి ఏది ఇచ్చినా, దాని తర్వాత వేళ్లు కదులుతాయి, మాట కొంచెం తిరుగుతుంది, గోడ పట్టుకుని నిలబడతాడు. ఘనత అంతా చివరగా ఇచ్చిన మందుకే పోతుంది. నాటుమందు ఇస్తే నాటుమందుకు, కణాలు ఎక్కిస్తే కణాలకు. కుటుంబసభ్యులు అబద్ధం చెప్పడం లేదు, కళ్లారా చూసిందే చెబుతున్నారు. అందుకే క్లినిక్‌లు చూపించే 'ముందు, తర్వాత' వీడియోల్లో మనిషి నిజంగా నడుస్తున్నా, అది కణాల గొప్పదనమని రుజువు కాదు.

స్ట్రోక్ పరిశోధనలో ఇలా జరగడం ఇదొక్కసారే కాదు. ఫ్లూఆక్సిటిన్ అనే డిప్రెషన్ మాత్ర చేతులు కాళ్ల కదలికను పెంచుతుందని 2011లో ఫ్రాన్స్‌లో 118 మందితో చేసిన ఫ్లేమ్ ట్రయల్ చెప్పింది. ప్రపంచమంతా ఆశపడింది. 2018లో బ్రిటన్‌లో 3,127 మందితో చేసిన ఫోకస్ ట్రయల్‌లో రోజువారీ జీవితానికి దానివల్ల మేలేమీ లేదని, పైగా ఎముకలు విరిగిన సంఘటనలు ఎక్కువయ్యాయని తేలింది. మన దగ్గర స్ట్రోక్ రోగి చీటీలో కనిపిస్తూ ఉండే సిటికోలిన్ సంగతి కూడా అంతే. 2012లో 2,298 మందితో చేసిన ఇక్టస్ ట్రయల్‌లో మేలు కనబడలేదు. ఆ మందు మాత్రం మందుల షాపుల్లోంచి పోలేదు.

కణాల విషయంలోకి మళ్లీ వస్తే, విదేశాల్లోనూ కథ దాదాపు ఇలాగే నడిచింది. శాన్‌బయో అనే సంస్థ దాతల ఎముక మజ్జ కణాలను మార్చి, పుర్రెకు చిన్న రంధ్రం పెట్టి నేరుగా మెదడులోకే ఎక్కించింది. స్టాన్‌ఫర్డ్, పిట్స్‌బర్గ్‌లలో మొదట 18 మంది మీద చేసినప్పుడు కదలిక మెరుగుపడిందని 2016లో పెద్ద వార్తయింది. అక్కడా పోల్చడానికి రెండో గుంపు లేదు. తర్వాత 163 మందితో, కొందరికి కణాలు లేకుండా ఉత్తుత్తి ఆపరేషన్ చేసి పోల్చినప్పుడు అనుకున్న లక్ష్యం చేరలేదని 2019 జనవరిలో ప్రకటించారు. అథర్సిస్ అనే అమెరికన్ సంస్థ కణాలతో జపాన్‌లో 200 మందికి పైగా రోగులతో చేసిన ట్రెజర్ ట్రయల్ కూడా ప్రధాన లక్ష్యం దగ్గర నిలవలేదు. ఆ సంస్థ 2024 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది.

జపాన్‌లో అనుమతి ఇచ్చారు కదా అని క్లినిక్‌లవాళ్లు అంటుంటారు. శాన్‌బయో ఉత్పత్తికి 2024లో జపాన్ ప్రభుత్వం షరతులతో అనుమతి ఇచ్చిన మాట నిజమే. అది ఇచ్చింది ప్రమాదాల్లో తలకు దెబ్బ తగిలి కదలిక పోయినవాళ్ల కోసం, స్ట్రోక్‌కు కాదు. పునరుత్పత్తి వైద్యానికి త్వరగా, షరతులతో అనుమతులిచ్చే చట్టం జపాన్‌లో అమల్లోకి వచ్చింది 2014లోనే. మన పరిశోధకులు మేలు లేదని తేల్చిన ఏడాదే అది.

క్లినిక్‌ల వాదన ఇంకొకటుంది. నరంలోకి ఎక్కించిన కణాల్లో చాలావరకు ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుపోతాయి కాబట్టి ఇన్వెస్ట్ ఫలితం మాకు వర్తించదు, మేం వెన్నులోకి ఇస్తాం, ఎక్కువసార్లు ఇస్తాం అంటారు. ఊపిరితిత్తుల సంగతి శాస్త్రీయంగా సబబైనదే. 120 మంది చిన్న సంఖ్య అన్న మాటనూ కొట్టిపారేయలేం. అవి ఇంకో ట్రయల్ పెట్టడానికి కారణాలవుతాయి, బిల్లు వేయడానికి కారణాలు కావు. వెన్నులోకి ఇవ్వడం ఏ ప్రమాదమూ లేని పనేమీ కాదు. స్ట్రోక్ తర్వాత పలు దేశాలు తిరిగి వెన్నులోకి కణాలు వేయించుకున్న ఒక రోగికి వెన్నుపాములో కణితి లాంటిది పెరిగిందని, అందులోని కణాలు అతనివి కాదని న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ 2016లో ప్రచురించింది. అతనికి వేసినవి వేరేవాళ్ల నుంచి తీసిన కణాలు, నిజమే. కానీ ఏ క్లినిక్‌లో ఏ కణం ఎక్కిస్తున్నారో రోగికి తెలిసే దారి ఏది?

ఇన్వెస్ట్ ఫలితం వచ్చాక ఈ అమ్మకాలు ఆగిపోవాల్సింది. ఆగకపోవడానికి నిబంధనల్లో ఒక సందు ఉంది. రక్త సంబంధ వ్యాధులకు చేసే ఎముక మజ్జ మార్పిడి లాంటి నిరూపితమైన చికిత్సలు తప్ప, ట్రయల్ బయట ఎవరికీ స్టెమ్‌సెల్స్ ఇవ్వకూడదని భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం కలిసి 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ప్రకటనలు కూడా కూడదు. అయితే మార్గదర్శకాలు చట్టం కావు. 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు చట్టబద్ధమైనవే. స్టెమ్‌సెల్ నుంచి తయారైన ఉత్పత్తిని అవి కొత్త మందుగా లెక్కిస్తాయి. దాంతో క్లినిక్‌లు, రోగి సొంత మజ్జను తీసి పెద్దగా మార్చకుండా తిరిగి అతనికే ఇస్తున్నాం, ఇది ఉత్పత్తి కాదు, ఆపరేషన్ లాంటి ప్రక్రియ అని వాదించడం మొదలుపెట్టాయి.

ఇన్వెస్ట్ ట్రయల్‌లో వాడినవి సరిగ్గా అవే. రోగి సొంత మజ్జ, పెద్దగా మార్చని కణాలు. చట్టం కింద దేన్ని వదిలేయమని క్లినిక్‌లు అడుగుతున్నాయో, స్ట్రోక్ రోగుల్లో మేలు లేదని దాని గురించే మన దేశంలో తేలింది. వాదోపవాదాల్లో ఈ ఒక్క మాట ఎవరూ ఎత్తకపోవడం నాకు చాలా బాధగా ఉంది.

హాని లేనప్పుడు ప్రయత్నిస్తే తప్పేంటని అడిగే కుటుంబాల మీద నాకు కోపం లేదు. ఆ ప్రశ్నకు జవాబు డబ్బులోనూ సమయంలోనూ ఉంది. పునరావాసానికి నిజంగా పనికొచ్చే నెలలు కొన్నే. 2021లో అమెరికాలో 72 మందితో చేసిన సీపాస్ అధ్యయనంలో రోగులకు మామూలు థెరపీకి అదనంగా 20 గంటల శిక్షణ ఇచ్చారు. స్ట్రోక్ వచ్చిన రెండు మూడు నెలలకు ఇచ్చినవాళ్లకు చేతి పనితనంలో అన్నిటికన్నా ఎక్కువ మేలు జరిగింది. మొదటి నెలలో ఇస్తే కొంత మేలుంది. ఆరు నెలలు దాటాక ఇస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అందుబాటులో ఉన్న డబ్బంతా ఆ రెండు మూడు నెలల్లో కణాలకు పోస్తే, ఇంటికొచ్చే ఫిజియోకి ఇవ్వడానికి ఏమీ మిగలదు. సందు పెట్టి వదిలేసిన ప్రభుత్వానికి ఈ నష్టం ఏ లెక్కలోనూ కనబడదు.

ఫిజియోథెరపీ కూడా ఎలా చేసినా పనిచేస్తుందని కాదు. స్ట్రోక్ వచ్చిన 24 గంటల్లోపే మంచం దింపి గట్టిగా నడిపించడం వల్ల ఫలితాలు తగ్గాయని 2,104 మందితో చేసిన అవర్ట్ ట్రయల్ 2015లో చెప్పింది. మన దేశంలో 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో, లూథియానాకు చెందిన డాక్టర్ జయరాజ్ పాండియన్ ముఖ్య పాత్ర వహించిన అటెండ్ ట్రయల్ ఇంట్లోవాళ్లకే వ్యాయామాలు నేర్పించి పంపితే సరిపోతుందేమో చూసింది. మామూలు వైద్యం కన్నా మెరుగైన ఫలితమేమీ రాలేదని 2017లో తేలింది. శిక్షణ ఉన్న థెరపిస్టు పనిని భార్యా పిల్లల మీద పెట్టి ఊరుకోలేమని నాకు దాన్నిబట్టి అనిపిస్తుంది. జిల్లాల్లో అలాంటి థెరపిస్టులు ఎంతమందికి దొరుకుతున్నారన్న చర్చ జరగాల్సిన చోట కణాల చర్చ జరుగుతోంది.

ఆటిజం పిల్లలకు స్టెమ్‌సెల్స్ ఇవ్వడాన్ని సిఫార్సు చేయలేమని, ఇస్తే అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందికి వస్తుందని జాతీయ వైద్య కమిషన్ బోర్డు 2022 డిసెంబరులో చెప్పింది. స్ట్రోక్ విషయంలో మన దగ్గర అంతకన్నా గట్టి ఆధారమే ఉంది. అంత సూటి మాట దీనికీ రావాలి. ప్రకటనల వరకైతే కొత్త చట్టమే అక్కర్లేదు. ఫలానా జబ్బులు నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వకూడదని 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం పెట్టిన జాబితాలో పక్షవాతం కూడా ఉంది. అమలు చేయాల్సింది రాష్ట్రాలు, అంటే ఇక్కడ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలే.

ఇంకా అనుమానం ఉన్న కుటుంబాలు ఒక పని చేయొచ్చు. ఇది ట్రయల్ అని క్లినిక్‌వాళ్లు అంటే, సీటీఆర్ఐ (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ నమోదు పట్టిక) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. 2009 జూన్ నుంచి దేశంలో ప్రతి క్లినికల్ ట్రయల్ అందులో నమోదు కావడం తప్పనిసరి. ఆ వెబ్‌సైట్ ఎవరైనా తెరిచి చూడొచ్చు. నంబరు చెప్పాక కూడా కణాలకు ఇంత అని ఫీజు అడిగితే, అక్కడ జరుగుతున్నది పరిశోధన కాదు.