నోటితో అన్నీ చెప్తాడు, పేపర్ మీద ఏమీ ఉండదు: డిస్లెక్సియాపై అపోహలు, వాస్తవాలు

పై మాట దాదాపు ప్రతి తల్లీ తండ్రీ నాతో అనేదే. నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలకు నేర్పే స్పెషల్ ఎడ్యుకేటర్‌ని కాబట్టి అది వినగానే నాకు అడగాల్సిన ప్రశ్నలు చాలా గుర్తొస్తాయి. వాళ్లు మాత్రం అప్పటికే ఒక కారణానికి వచ్చేసి ఉంటారు: బద్ధకం, ఫోను, ఆటల మీద ధ్యాస. సాయం ఆలస్యమయ్యేది ఇక్కడే. డిస్లెక్సియా అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది. అందుకే దాని గురించి ఎక్కువగా వినే అపోహలను ఒకచోట రాస్తున్నాను.

అపోహ: తెలివి తక్కువ, లేదా బద్ధకం.

1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లండ్ డాక్టర్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పద్నాలుగేళ్ల పెర్సీ గురించి రాశాడు. చురుకైన కుర్రాడే, చదవడం మాత్రం రాలేదు. పాఠాలన్నీ నోటితోనే చెప్పేట్టయితే బడిలో అందరికంటే చురుకైనవాడు ఇతనేనని వాళ్ల మాస్టారు అన్నారట. మన ఇళ్లలో వినే మాటే అది.

చాలామందిలో ఇబ్బంది శబ్దాల దగ్గర మొదలవుతుంది. మాటను చిన్న శబ్దాలుగా విడగొట్టడం, ఏ శబ్దానికి ఏ గుర్తో వెంటనే తట్టడం వాళ్లకు కష్టం. పుస్తకం లేకుండానే అడిగి చూడండి. 'కమల'లో 'క' తీసేస్తే ఏం మిగులుతుంది? 'మేక'లో మొదటి అక్షరానికి బదులు 'కే' పెడితే? తోటి పిల్లలు టక్కున చెప్పేస్తారు, ఈ పిల్లలు తడుముకుంటారు. ఒక్కరోజు తడబాటుతో నిర్ణయానికి రావద్దు. నేర్పినా నెలల తరబడి అలాగే ఉంటే పట్టించుకోవాలి. కుటుంబాల్లో వచ్చే లక్షణం కూడా ఇది. పిల్లల పరీక్ష జరుగుతుంటే "నాకూ అచ్చం ఇలాగే ఉండేది" అన్న నాన్నలు చాలామంది ఉన్నారు.

అపోహ: అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి, కళ్లద్దాలు మారిస్తే తగ్గుతుంది.

కంటి పరీక్ష, చెవి పరీక్ష ముందుగా చేయించండి, అవి తప్పనిసరి. కానీ డిస్లెక్సియా కంటి జబ్బు కాదు. రంగు కళ్లద్దాలు, కంటి వ్యాయామాలు దీన్ని నయం చేస్తాయనడానికి సరైన ఆధారం లేదని అమెరికా పిల్లల వైద్యుల, కంటి వైద్యుల సంఘాలు 2009లోనే కలిసి ప్రకటించాయి. వాటికి పెట్టే డబ్బు, అంతకంటే ముఖ్యంగా వాటికి పోయే సమయం, నేర్పడానికి వాడుకోండి.

అపోహ: ఇదంతా ఇంగ్లీష్ మీడియం వల్లే. తెలుగులో రాసినట్టే చదువుతాం కాబట్టి తెలుగులో ఈ సమస్య ఉండదు.

టీచర్లు కూడా నమ్మే అపోహ ఇది. ఇంగ్లీషులో స్పెల్లింగుకీ పలుకుబడికీ పొంతన తక్కువ కాబట్టి అక్కడ తప్పులు త్వరగా బయటపడతాయి. తెలుగులో గుర్తుకీ శబ్దానికీ పొందిక ఎక్కువ. అందుకని పిల్లవాడు తప్పుల్లేకుండానే చదువుతాడు, కానీ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదువుతాడు. వాక్యం చివరికి చేరేసరికి మొదట్లో చదివింది పోతుంది. "చదివాడుగా" అని పెద్దలు ఊరుకుంటారు. ఆ నిదానాన్నే మనం గమనించాలి.

పైగా మన లిపి చిక్కులు మనకున్నాయి. ప, ష, స చూడటానికి దగ్గర దగ్గర. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. 'భక్తి' చూడండి: గుడి 'క' మీద ఉంటుంది, పలికేది మాత్రం 'త' తర్వాత. కొందరు పిల్లలు దాన్ని 'భకిత' అని చదువుతారు. కంటికి కనిపించిన వరుసలో నిజాయితీగా చదివారు, అంతే. డిక్టేషన్‌లో 'వచ్చాడు' 'వచాడు' అవుతుంది, 'పాడు' 'పడు' అవుతుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలందరూ ఈ తప్పులు చేస్తారు. మూడు, నాలుగు తరగతుల్లోనూ తగ్గకపోతే మాత్రం పరీక్ష చేయించాలి.

ఆ పరీక్ష తెలుగులోనూ ఇంగ్లీషులోనూ జరగాలి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లను ఒక్క ఇంగ్లీషులోనే పరీక్షిస్తే, భాష రాకపోవడం ఎంతో, డిస్లెక్సియా ఎంతో తేల్చలేం.

అపోహ: పెద్దయితే అదే వస్తుంది. లేదంటే ఇంకో ట్యూషన్ పెడితే సరి.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. ట్యూషన్‌లో బడిలో చెప్పిందే మళ్లీ చెప్తారు. ఈ పిల్లలకు నేర్పే పద్ధతే మారాలి. ఉదాహరణకు గుణింతం. క, కా, కి, కీ అని పాటలా గడగడా అప్పజెప్తారు. 'కౌ' మీద వేలుపెట్టి అడిగితే మళ్లీ 'క' నుంచి మొదలుపెట్టి అక్కడిదాకా రావాలి. వరుస కంఠతా వచ్చింది, గుర్తు రాలేదు. అందుకే మేం ఒకసారికి ఒక్క గుర్తే తీసుకుంటాం. ముందు తలకట్టు మాటలే: పలక, పడవ, కలప. అవి తడబడకుండా వచ్చాక దీర్ఘం. చెవితో వినడం, నోటితో పలకడం, వేలితో ఇసుకలో రాయడం, మూడూ కలిపి చేయిస్తాం. రోజూ ఇరవై నిమిషాలు చాలు, ఆదివారం మూడు గంటలు కూర్చోబెట్టడం వద్దు.

వైకల్య సర్టిఫికెట్ కోసం పరీక్ష సాధారణంగా ఎనిమిదేళ్ల నుంచి చేస్తారు. నేర్పడానికి ఆ వయసు వచ్చేదాకా ఆగక్కర్లేదు.

అపోహ: సర్టిఫికెట్ తీసుకుంటే ముద్ర పడుతుంది. అదనపు సమయం ఇవ్వడం అన్యాయం.

ఆడపిల్లల తల్లిదండ్రుల్లో ఈ భయం మరీ ఎక్కువ. అసలే ఆడపిల్లలు క్లాసులో అల్లరి చేయకుండా కూర్చుంటారు కాబట్టి టీచర్ కంట పడరు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో డిస్లెక్సియా కూడా వస్తుంది. పరీక్షల్లో స్క్రైబ్ (చెప్తుంటే రాసిపెట్టే మనిషి), గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఉన్నాయి. రాయడంలో ఇబ్బంది ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో, 40 శాతం వైకల్యం లేదన్న కారణంతో స్క్రైబ్‌ను నిరాకరించకూడదని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. సర్టిఫికెట్ మీ బీరువాలోనే ఉంటుంది, అవసరమైనచోటే చూపిస్తారు.

అపోహ: డిస్లెక్సియా ఉంటే ఏదో గొప్ప ప్రతిభ ఉండే తీరుతుంది.

2009లో నోబెల్ అందుకున్న కరోల్ గ్రైడర్, 2017లో అందుకున్న జాక్ డుబోషే తమ డిస్లెక్సియా గురించి బాహాటంగా చెప్పారు. పిల్లలకు ధైర్యం చెప్పడానికి వాళ్ల పేర్లు చెప్పండి. కానీ మామూలు పిల్లకు మామూలుగా ఉండే హక్కు ఉంది. చదవడం నేర్పించమని అడగడానికి ఆమె మేధావి కానక్కర్లేదు.

అపోహ: ఉద్యోగం వచ్చాక ఇక సమస్య ఉండదు.

ఉంటుంది, దాచుకుంటారు. కోడ్ బ్రహ్మాండంగా రాసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒక మెయిల్‌కు అరగంట తీసుకుంటాడు. మీటింగ్‌లో అప్పటికప్పుడు పైకి చదవమంటే టెన్షన్. ఫోన్‌లో గట్టిగా చదివి వినిపించే సదుపాయం, తెలుగులో వాయిస్ టైపింగ్ ఇప్పుడు ఉన్నాయి, మొహమాటపడకుండా వాడండి. డాక్యుమెంట్ ముందురోజే పంపమని మేనేజర్‌ని అడగండి. సమాన అవకాశాల విధానం ప్రకటించాలని అదే 2016 చట్టం ప్రైవేటు సంస్థలకు కూడా చెప్తోంది. మీ కంపెనీ విధానం ఏమిటో హెచ్‌ఆర్‌ని అడగొచ్చు.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలి? పరీక్ష చేసే సైకాలజిస్టుకూ, నేర్పే స్పెషల్ ఎడ్యుకేటర్‌కూ రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఈ నిపుణులను నమోదు చేసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందేమో ముందే అడగండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలున్నాయి, మీ మండలంలో ఎక్కడుందో ప్రభుత్వ బడి హెడ్‌మాస్టర్‌ని అడగండి. సర్టిఫికెట్‌కు యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. వెళ్లేటప్పుడు మార్కుల కార్డులతో పాటు పాత నోట్‌బుక్‌లు, ముఖ్యంగా దిద్దిన డిక్టేషన్ పుస్తకాలు, పట్టుకెళ్లండి. తప్పుల తీరు చూస్తే మాకు చాలా తెలుస్తుంది.