గురక నిద్ర కాదు

బైకు మీంచి పడ్డ మనిషిని స్ట్రెచర్ మీద తెస్తారు. వెంట వచ్చినవాళ్లు "ఏం కాలేదు సిస్టర్, నిద్రపోతున్నాడు, గురక కూడా పెడుతున్నాడు" అంటారు. ఆ మాట వినగానే క్యాజువాలిటీ నర్సు చేతులు కదలాలి. తలకు దెబ్బ తగిలినవాడి గురకంటే, వదులైన నాలుక వెనక్కి జారి గాలి దారికి అడ్డం పడిందని. మందు వాసన వస్తోంది కదా, మత్తులే అనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. తాగినవాడికీ తల పగులుతుంది.

ఏ పరికరమూ తగిలించకముందే చెవి చాలా చెబుతుంది. గురకైతే నాలుక. గళగళమంటే రక్తమో, వాంతో. గాలి లోపలికి లాగేటప్పుడు కీచుమని కూత వస్తే స్వరపేటిక దగ్గర దారి సన్నబడుతోంది. మెడకు దెబ్బ తగిలినవాళ్లలో, మంటల్లో చిక్కుకున్నవాళ్లలో ఇది కనిపిస్తుంది. అన్నిటికన్నా భయపడాల్సింది నిశ్శబ్దానికి. ఛాతీ ఎగిసిపడుతున్నా నోటి దగ్గర గాలి తగలడం లేదంటే దారి పూర్తిగా మూసుకుపోయినట్టే. పేరు అడిగితే స్పష్టంగా చెప్పినవాడికి ప్రస్తుతానికి దారి బాగుంది. ప్రస్తుతానికే కాబట్టి మళ్లీ మళ్లీ అడగాలి.

గురకకు విరుగుడు దవడ దగ్గరుంది. మెడ ఎముక విరిగి ఉండొచ్చు కాబట్టి తల వెనక్కి వంచొద్దు. తల వైపు నిలబడి, రెండు చేతుల వేళ్లనూ చెవుల కింద దవడ మూలల వెనక పెట్టి, కింది దవడను పైకప్పు వైపు ఎత్తాలి. నాలుక మొదలు దవడకే అంటుకుని ఉంటుంది, దాంతోపాటే ముందుకొస్తుంది. ఎంత ఎత్తినా దారి తెరుచుకోకపోతే మాత్రం తలను కొద్దికొద్దిగా వంచక తప్పదు. మెడ సంగతి ఊపిరి తర్వాతే. రోడ్డు మీద మనవాళ్లు జాలిపడి తల కింద ఏదో ఒకటి ఎత్తుగా పెడతారు, నీళ్లు పట్టిస్తారు. మొదటిది మెడను ముందుకు వంచి దారి మూస్తుంది, రెండోది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

గళగళకు సక్షన్, అంటే గొట్టంతో లాగేయడం. గట్టి గొట్టాన్ని కంటికి కనిపించినంత మేరకే పోనిచ్చి, 10 నుంచి 15 సెకన్లలో బయటికి తీసేయాలి. అంతకు మించితే రక్తంతోపాటు ఆక్సిజన్‌నూ లాగేస్తున్నట్టే. గొంతు వెనక గోడను పొడిస్తే వాంతి రావచ్చు, గుండె వేగమూ పడిపోవచ్చు. వాంతి మొదలైతే ఒకరు తల పట్టుకుని, మిగతావాళ్లు ఒంటిని దుంగలా ఒక్కసారే పక్కకు తిప్పాలి.

దవడ వదలగానే గురక మళ్లీ వస్తుంటే ఓరల్ ఎయిర్‌వే, అంటే నాలుక వెనక్కి జారకుండా నోట్లో ఉంచే వంపు గొట్టం, పెట్టాలి. నోటి మూల నుంచి దవడ మూల దాకా కొలిచి సైజు చూసుకోండి. చిన్నదైతే నాలుకను ఇంకా వెనక్కి నెడుతుంది, పెద్దదైతే స్వరపేటిక మీద కూర్చుంటుంది. పెట్టబోతే ఓకరించాడంటే వెంటనే తీసేయండి. ముక్కులోంచి వేసే గొట్టాన్ని ఓకరించేవాళ్లు కూడా తట్టుకుంటారు. కానీ కళ్ల చుట్టూ నల్లగా కమిలినా, చెవి వెనక కమిలినా, ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలా కారుతున్నా పుర్రె అడుగు పగిలి ఉండొచ్చు. అలాంటప్పుడు ముక్కు జోలికి పోవద్దు.

అసలు నేర్పంతా అంబు బ్యాగులో ఉంది, అంటే మాస్కు తగిలించి చేత్తో నొక్కి ఊపిరి ఊదే సంచిలో. శ్వాసనాళంలోకి ట్యూబ్ వేయడం చూడాలని విద్యార్థులందరూ ఎగబడతారు గానీ, మనిషిని నిలబెట్టేది చాలాసార్లు మాస్కు పట్టిన చెయ్యే. బొటనవేలు, చూపుడువేలు మాస్కు మీద. మిగతా మూడు దవడ ఎముక మీద. ఆ మూడు గడ్డం కింది మెత్తటి చోటికి జారితే నాలుకను మనమే పైకి నొక్కి దారి మూస్తాం. మాస్కును ముఖం మీదికి అదమడం కాదు, ముఖాన్నే మాస్కులోకి లేపాలి. ఒకరు రెండు చేతులా మాస్కు పట్టుకుని, మరొకరు బ్యాగు నొక్కితే గాలి పక్కలకు పోదు. బిగుతుగా ఉన్న కట్టుడు పళ్లను అప్పటికి ఉంచితే బుగ్గలు లోపలికి పోవు; ట్యూబ్ వేసే ముందు తీసేయాలి.

పెద్దల బ్యాగులో దాదాపు లీటరున్నర గాలి పడుతుంది. కావలసింది 500 నుంచి 600 మిల్లీలీటర్లే, అంటే ఛాతీ కాస్త లేచేంత. సెకనుసేపు మెల్లగా నొక్కాలి, 6 సెకన్లకోసారి. కంగారులో అందరూ ఎడాపెడా నొక్కేస్తారు. దాంతో గాలి కడుపులోకి పోయి వాంతవుతుంది. ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది, రక్తం పోయినవాడికి బీపీ ఇంకా జారుతుంది. కార్బన్ డయాక్సైడ్ మరీ తగ్గి మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి. తలకు దెబ్బ తగిలినవాడికి ఇది చాలా చెరుపు.

వేలికి పెట్టిన ఆక్సిజన్ మీటర్‌ను అతిగా నమ్మొద్దు. ఆక్సిజన్ బాగా పట్టినవాడి శ్వాస మందగించినా కాసేపు 98 అనే చూపిస్తుంది. చేతులు చల్లబడితే అంకె ఇంకా వెనకబడుతుంది. శ్వాసలు లెక్కపెట్టండి.

స్పృహ ఎంతుందో చెప్పే గ్లాస్గో స్కోరు 8 లేదా అంతకన్నా తక్కువైతే ట్యూబ్ గురించి ఆలోచిస్తారు. డాక్టరు అడిగేలోపే సక్షన్ నడుస్తూ దిండు పక్కన ఉండాలి, గొంతులోకి చూసే ల్యారింగోస్కోప్ లైటు వెలగాలి, ట్యూబ్‌కు దారి చూపే సన్నటి కడ్డీ బూజీ చేతికందాలి, ట్యూబ్ చివర ఉండే బుడగ, అంటే కఫ్, ఊది చూసి ఉండాలి. మగవాళ్లకు 8, ఆడవాళ్లకు 7 లేదా 7.5 సైజు ట్యూబ్, అర సైజు చిన్నది ఒకటి పక్కన. మెడ కదలకుండా వేసిన కాలర్ ముందు భాగం విప్పి, ఒకరు తల కదలకుండా పట్టుకోవాలి. కాలర్ ఉంటే నోరు సరిగ్గా తెరుచుకోదు. ట్యూబ్ మీది గుర్తు పళ్ల దగ్గర ఆడవాళ్లకు సుమారు 21, మగవాళ్లకు 23 సెంటీమీటర్లు. ఇంకా లోపలికి పోతే కుడి ఊపిరితిత్తికే గాలి అందుతుంది. అన్నవాహికలోకి పోలేదని స్టెతస్కోపు ఒక్కటే తేల్చలేదు. వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే క్యాప్నోగ్రాఫ్ తెర మీద ప్రతి శ్వాసకూ అల రావాలి.

ట్యూబ్ వేశాక ఆక్సిజన్ పడిపోతుంటే వెంటిలేటర్ నుంచి విడదీసి అంబు బ్యాగుతో ఊదుతూ వెతకండి. ట్యూబ్ జారిందా, కఫంతోనో రక్తంతోనో మూసుకుందా, ఛాతీలో గాలి చేరి ఊపిరితిత్తి నలిగిందా, యంత్రమే మొరాయించిందా?

ఇక సీటీ స్కాన్‌కి తీసుకెళ్లాలి. 10 లీటర్ల బి టైప్ ఆక్సిజన్ సిలిండర్ గేజు 40 బార్ ఒత్తిడి చూపిస్తోందంటే అందులో ఉన్నది పదిని నలభైతో హెచ్చవేసినంత, 400 లీటర్లు. నిమిషానికి 15 లీటర్ల చొప్పున 26 నిమిషాలు. సీటీ గది బయట ఇంకా ఇద్దరు వరసలో ఉంటే, కదలకముందే సిలిండర్ మార్చండి.