పాత సర్వర్ పక్కనే కొత్త సర్వర్

"బాగానే నడుస్తోంది కదండీ, ఇప్పుడు దాన్ని కెలకడం ఎందుకు?" విజయవాడ సూర్యారావుపేటలో ఏ మోస్తరు ఆసుపత్రి యాజమాన్యమైనా సర్వర్ మార్చాలనగానే ఇలా అడిగితే తప్పు పట్టలేం. ఉదయం ఓపీ వేళ బిల్లింగ్ కౌంటర్ పావుగంట ఆగితే క్యూ రోడ్డు మీదికి వస్తుంది. ఆ టెన్షన్ నిజమైనదే. అయితే నడవడం వేరు, భద్రంగా నడవడం వేరు.

ఆ పాత సర్వర్ విండోస్ సర్వర్ 2012 ఆర్2 మీద నడుస్తోందనుకుందాం. దానికి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2023 అక్టోబరు 10తో ముగిసింది. డబ్బు కట్టి తీసుకునే అదనపు అప్‌డేట్లకు కూడా 2026 అక్టోబరే ఆఖరు. మద్దతు ఆగిందంటే సర్వర్ ఆగిపోదు. ఆ తర్వాత బయటపడే లోపాలను మాత్రం ఎవరూ పూడ్చరు. ఇంకో చిక్కు ఉంది. కొత్త వెర్షన్‌కు ఇచ్చిన ప్యాచ్‌ను, అంటే లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ను, విప్పి చూస్తే అది ఏ లోపాన్ని సరిచేసిందో దాడి చేసేవాళ్లకు తెలిసిపోతుంది. అదే లోపం పాత వెర్షన్‌లోనూ ఉంటే, అక్కడ దానికి అడ్డేమీ ఉండదు.

2017 మే 12న, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ వ్యాపించినప్పుడు బ్రిటన్‌లో ఆసుపత్రులు అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకున్నాయి. మన రాష్ట్రంలో కొన్ని పోలీసు కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. అది వాడుకున్నది ఎస్‌ఎంబీ1 అనే పాత ఫైల్ షేరింగ్ పద్ధతిలోని లోపాన్ని. మద్దతు ఉన్న వెర్షన్లకు రెండు నెలల ముందే, మార్చిలోనే ప్యాచ్ వచ్చింది. మద్దతు అయిపోయిన ఎక్స్‌పీకి, సర్వర్ 2003కి అందరికీ అందేలా ప్యాచ్ విడుదలైంది దాడి జరిగాకే.

ఇంతకీ ఆ సర్వర్ చేసే పనేమిటి? ఫైళ్లు దాచడం చిన్న సంగతి. రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయి ఎవరు, ల్యాబ్ రిపోర్టులు ఎవరు తెరవచ్చు, ఫార్మసీ లెక్కలు ఎవరు చూడకూడదు అన్నది తేల్చేది అదే. విండోస్ నెట్‌వర్క్‌లో ఈ పని చేసే సర్వర్‌ను డొమైన్ కంట్రోలర్ అని, అది అజమాయిషీ చేసే కంప్యూటర్లను, ఖాతాలను కలిపి డొమైన్ అని అంటారు. ఈ గుర్తింపు పని 2000 సంవత్సరం నుంచీ కెర్బెరోస్ అనే పద్ధతిలో నడుస్తోంది. పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో ఒకసారి పాస్ తీసుకున్నవాళ్లు తర్వాత ప్రతి బస్సులోనూ దాన్నే చూపిస్తారు కదా. అలాగే ఉదయం పాస్‌వర్డ్ కొట్టగానే ఒక టికెట్ వస్తుంది. మామూలుగా అది పది గంటలు చెల్లుతుంది. దాన్ని చూపించి ఫైల్ సర్వర్‌కో టికెట్, ప్రింటర్‌కో టికెట్ తెచ్చుకోవడం కంప్యూటర్ తనంతట తానే చేసేస్తుంది. పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ అడగరు, నెట్‌వర్క్ తీగల మీద అది పరుగెత్తదు.

ఈ ఏర్పాటంతా గడియారం మీద నిలబడి ఉంది. ఎవరైనా మధ్యలో ఒక అభ్యర్థనను పట్టుకుని తర్వాత మళ్లీ పంపితే అది పాతదని తెలియాలి. అందుకే ప్రతి అభ్యర్థన మీదా సమయం ముద్ర ఉంటుంది. రెండు యంత్రాల మధ్య ఐదు నిమిషాలకు మించి తేడా ఉంటే టికెట్ చెల్లదు. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా లాగిన్ కాకపోతే ముందు గడియారం చూడమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. మన దేశపు ప్రామాణిక సమయాన్ని ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ నిలబెడుతుంది. సంస్థల గడియారాలను దానితో గానీ ప్రభుత్వ కంప్యూటర్ సేవల సంస్థ ఎన్‌ఐసీ సమయ సర్వర్లతో గానీ కలపాలని కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల్లో ఉంది.

ఇలాంటి యంత్రం మీదే కొత్త వెర్షన్ ఎక్కించడం కుదురుతుంది గానీ, నేనైతే ఆ దారి సూచించను. ఎక్కాక తేడా వస్తే వెనక్కి రావడం కష్టం. పాతదాని పక్కన కొత్త సర్వర్‌ను నిలబెట్టి, దాన్నీ డొమైన్ కంట్రోలర్‌ను చేయడం మేలు. ఖాతాలు, గ్రూపులు, పాస్‌వర్డ్ హాష్‌లు (పాస్‌వర్డ్‌ను నేరుగా కాకుండా మార్చి దాచుకునే రూపాలు) వాటంతట అవే కొత్తదానికి చేరతాయి. కొన్నాళ్లు రెండూ పనిచేస్తాయి. ఫిజ్మో అని పిలిచే ఐదు ప్రత్యేక బాధ్యతలను తీరిగ్గా కొత్తదానికి బదిలీ చేయవచ్చు. డొమైన్ మొత్తానికి సమయం చెప్పే బాధ్యత వీటిలో ఒకదానితో పాటే వెళుతుంది.

ఇక్కడ చాలామంది చూసుకోని మెలిక ఒకటుంది. 2012 ఆర్2 డొమైన్‌లోకి సర్వర్ 2025 కంట్రోలర్‌ను నేరుగా చేర్చలేం. డొమైన్ స్థాయి (కంట్రోలర్లన్నీ కనీసం ఏ వెర్షన్‌వో చెప్పే సెట్టింగ్) కనీసం 2016ది అయితేనే అది చేరుతుంది, పాత కంట్రోలర్ ఉన్నంతకాలం ఆ స్థాయికి ఎక్కలేం. కాబట్టి ముందు 2022 తెచ్చి, పాతదాన్ని దించి, స్థాయి పెంచి, తర్వాతే 2025. 2022కి మద్దతు 2031 అక్టోబరు దాకా ఉంది కాబట్టి చిన్న ఆసుపత్రి అక్కడే ఆగినా నష్టం లేదు. డొమైన్ 2003 కాలంలో మొదలైనదైతే ఇంకో పని కూడా ఉంటుంది. కంట్రోలర్ల మధ్య విధానాల ఫోల్డర్‌ను నకలు చేసే పాత ఎఫ్‌ఆర్‌ఎస్‌ను వదిలి డీఎఫ్‌ఎస్‌ఆర్‌కు మారితే తప్ప 2019, ఆపై కంట్రోలర్లు చేరవు.

అసలు శ్రమంతా మూలనున్న పరికరాలతోనే. పేజీని స్కాన్ చేసి ఫోల్డర్‌లో పడేసే పాత జెరాక్స్ మిషన్‌కు ఎస్‌ఎంబీ1 తప్ప మరోటి రాకపోవచ్చు. సర్వర్ 2019 నుంచి అది మామూలుగా ఇన్‌స్టాల్ కాదు. ఒక్క మిషన్ కోసం దాన్ని మళ్లీ తెరవడమంటే 2017 నాటి తలుపును చేతులారా తీయడమే. మిషన్‌కు ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాలి, లేదా స్కాన్లను మెయిల్‌కు పంపించాలి, అదీ కాకపోతే మిషన్ మార్చాలి. పాత ఎక్స్‌రే కంప్యూటర్‌ను మార్చలేకపోతే దాన్ని నెట్‌వర్క్‌లో వేరే భాగంలో పెట్టి, అవసరమైన ఒక్క దారి మాత్రమే ఉంచాలి.

బ్యాకప్ సంగతి బెజవాడ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్‌లో ఇళ్ల కింది అంతస్తులు మునిగాయి. సర్వర్, దాని బ్యాకప్ డిస్కు ఒకే గదిలో ఉంటే అది బ్యాకప్ కాదు. పని మొదలుపెట్టే ముందు ఒక కాపీ వేరే చోట ఉండాలి, దాని నుంచి నిజంగా తిరిగి తెచ్చి చూసుకోవాలి.

అన్నీ బదిలీ అయ్యాక పాత సర్వర్‌ను వెంటనే తీసేయకుండా ముందు ఊరికే ఆపి చూడాలి. నెలాఖరు లెక్కలు కూడా ఆ వ్యవధిలోకి వచ్చేలా చూసుకుంటే మంచిది. ఇంకా ఎవరు దాని మీద ఆధారపడ్డారో అప్పుడు బయటపడుతుంది. డీఎన్ఎస్‌గా (పేరు చెబితే నెట్‌వర్క్ చిరునామా వెతికిచ్చే సర్వర్‌గా) పాత చిరునామానే చేత్తో రాసుకున్న ప్రింటరో, నెలకోసారి నడిచే రిపోర్టో తప్పక దొరుకుతుంది. అవి సరిచేశాక మళ్లీ ఆన్ చేసి, పద్ధతి ప్రకారం దాని కంట్రోలర్ హోదా తొలగించాలి. ఊరికే ప్లగ్ పీకేస్తే దాని పేరు డైరెక్టరీలో మిగిలిపోయి, కంప్యూటర్లు లేని సర్వర్‌ను వెతుక్కుంటాయి. చివరగా, ఆ డిస్కులను పాత సామాను కింద అమ్మేయకండి. హోదా తొలగించినా సిబ్బంది పాస్‌వర్డ్ హాష్‌ల జాడలు వాటిలో ఉండొచ్చు. పూర్తిగా తుడిచేయండి, లేదా పగలగొట్టించండి.