గన్నవరం నుంచి రేణిగుంటకు విమానం: కొన్ని అపోహలు, వాస్తవాలు

విమానాల మార్గం, ఇంధనం, సమయం లెక్కగట్టే డిస్పాచ్ విభాగంలో పనిచేస్తాను. పెళ్లికి వెళ్లినా నాకు భోజనాల దగ్గర ఎదురయ్యేది తిరుపతి విమానం గురించిన ప్రశ్నే.

అపోహ: 350 కిలోమీటర్లకు గంట ఎందుకు? అరగంట చాలు.

వాస్తవం: సరళరేఖలో దూరం దాదాపు అంతే. మా లెక్కలో 188 నాటికల్ మైళ్లు (ఒక్కోటి సుమారు 1.85 కిలోమీటర్లు). గంటకు 500 కిలోమీటర్ల వేగంతో వెళ్లే ఏటీఆర్‌కు (ప్రొపెల్లర్లతో నడిచే చిన్న విమానం) కాగితం మీద 42 నిమిషాలు పడుతుంది. అయితే టికెట్టు మీద రాసే సమయం గాలిలో ఉండేది మాత్రమే కాదు. ఇక్కడ చక్రాల కింది అడ్డుదిమ్మెలు తీసి కదిలినప్పటి నుంచి, అక్కడ ఆగి మళ్లీ దిమ్మెలు పెట్టేదాకా అంతా అందులోనే. పైగా రెండు చోట్లా రన్‌వే ఇంచుమించు తూర్పు పడమరలుగా ఉంటే, మనం వెళ్లాల్సింది దక్షిణానికి. లేచాక ఒక మలుపు, దిగే ముందు ఇంకొకటి. గాలి ఎదురుగా ఉండేలా దిగాలి కాబట్టి ఒక్కోసారి ఆ మలుపు చుట్టుతిరుగుడవుతుంది.

అపోహ: జెట్ అయితే సగం సమయంలో చేరుస్తుంది.

వాస్తవం: జెట్ వేగం ఏటీఆర్‌కు ఒకటిన్నర రెట్లకు పైనే, నిజం. కానీ పదివేల అడుగుల లోపు ఏ విమానమైనా మామూలుగా 250 నాట్లు, అంటే గంటకు సుమారు 460 కిలోమీటర్లు దాటకూడదు. దిగడానికి మేము వాడే మోటు లెక్క, వెయ్యి అడుగులకు మూడు నాటికల్ మైళ్లు. 25 వేల అడుగుల నుంచి దిగడానికే 140 కిలోమీటర్లు కావాలి. ఎక్కడానికి వందకు పైగా పోతాయి. ఇక పూర్తి వేగంతో సాగేది పది నిమిషాల లోపే! మంచినీళ్ల గ్లాసు చేతికి రాగానే బెల్టు దీపం వెలిగేది అందుకే. ఆలస్యంగా బయలుదేరినా పైలట్ వేగం పెంచి సర్దేస్తాడన్న నమ్మకం కూడా ఈ దూరంలో నిలవదు.

అపోహ: దారంతా నేల మీదుగానే.

వాస్తవం: గీత గీసి చూడండి. బాపట్ల దగ్గర తీరం దాటి, ఒంగోలు ఎదుట సముద్రం మీదుగా సాగి, కావలి దగ్గర మళ్లీ నేలకెక్కుతుంది. నిజమైన మార్గం ఆ రోజు కంట్రోలర్ ఇచ్చే దారిని బట్టి కాస్త జరుగుతుంది. ఎడమ కిటికీ సీటు అడగండి.

అపోహ: గంటలో తిరుపతి.

వాస్తవం: గంటలో రేణిగుంట. విజయవాడ నుంచి గన్నవరం 20 కిలోమీటర్లు, సాధారణంగా గంట ముందే మూతపడే చెకిన్ కౌంటరు, అవతల సామాను, తర్వాత తిరుపతికి ఇంకో 15 కిలోమీటర్లు. గడప నుంచి గడపకు నాలుగు గంటలు పెట్టుకోమంటాను. మా పిన్ని వినలేదు. విమానం దిగే వేళకు గంట తర్వాత దర్శనం టికెట్టు తీసుకున్నారు. ఆ గంట గడిచేసరికి ఆవిడ అలిపిరి తనిఖీ వరుసలో ఉన్నారు, ఘాట్ రోడ్డు ఇంకా మొదలే కాలేదు. విమానం మాత్రం ఆ రోజు ఐదు నిమిషాలు ముందే దిగింది.