గేర్లు అంటిస్తే స్టీమ్‌పంక్ కాదు: అపోహలు - వాస్తవాలు

సినిమాలకు ప్రాప్స్ (తెరమీద కనిపించే వస్తువులు) తయారుచేసే ఆర్ట్ డిపార్ట్‌మెంట్ మనిషిని నేను. ఆవిరి యంత్రాల కాలాన్ని తలపించే ‘స్టీమ్‌పంక్ లుక్ కావాలండీ’ అంటూ వచ్చే కుర్ర దర్శకులు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఫోన్‌లో రిఫరెన్స్ ఫొటోలు చూపిస్తారు. పొడుగు టోపీ, గాగుల్స్, ఇత్తడి రంగు, ఎక్కడ చూసినా గేర్లే.

అపోహ: గేర్లు, పైపులు బిగిస్తే చాలు

పక్క గేరుతో పళ్లు కలవని గేరు తిరగదు. తిరగని గేరు ఒట్టి అలంకారం. 19వ శతాబ్దపు యంత్రాలే ఇంకా ముందుకు సాగిపోయి ఉంటే లోకం ఎలా ఉండేదన్న ఊహ స్టీమ్‌పంక్. శక్తి ఎక్కడ పుట్టి, ఏ గొట్టంలోంచి వెళ్లి, దేన్ని తిప్పుతోందో కంటికి కనిపించాలి. డ్రాయింగ్ చేతికి రాగానే నేను అడిగేది ఒకటే: బాయిలర్ ఎక్కడ, నీళ్లెవరు పోస్తారు, పొగ ఎటు పోతుంది? వీటికి జవాబు చెప్పగలిగితే సగం డిజైన్ అయిపోయినట్టే.

రంగు సంగతీ అంతే. ఫైబర్ మోల్డు మీద గోల్డ్ స్ప్రే కొట్టి వదిలేస్తే కెమెరాలో పెళ్లి మండపంలా మెరుస్తుంది. మేం దాని మీద నలుపు, ముదురు గోధుమ కలిపిన పల్చటి రంగు పూసి, ఆరకముందే గుడ్డతో తుడిచేస్తాం. రివెట్ల చుట్టూ, మూలల్లో నలుపు నిలిచిపోతుంది. లివర్ పిడి, తలుపు గొళ్లెం లాంటి చోట్ల మాత్రం మెరుపు ఉంచుతాం, ఎందుకంటే రోజూ చెయ్యిపడే ఇత్తడి నల్లబడదు. నీళ్లు కారే జాయింటు కింద పచ్చటి చిలుము. నూనె చార ఎప్పుడూ కిందికే జారాలి. ప్రేక్షకుడు వీటిని విడివిడిగా గమనించడు గానీ, ఒక్కటి తేడా కొట్టినా సెట్ అని ఇట్టే తెలిసిపోతుంది.

అపోహ: ఆవిరి లేకపోతే స్టీమ్‌పంక్ కాదు

ఈ శైలి అనగానే అందరూ చెప్పే నాటిలస్ జలాంతర్గామే ఆవిరితో నడవదు! ఫ్రెంచ్ రచయిత జూల్స్ వెర్న్ నవలలో అది నడిచేది కరెంటుతో. ఆ నవలతో తీసిన 1954 డిస్నీ సినిమా కోసం డిజైనర్ హార్పర్ గాఫ్ దానికి ఒళ్లంతా రివెట్లు, రంపపు పళ్ల వీపు, కళ్లలాంటి కిటికీలు పెట్టి సముద్ర జంతువు రూపం ఇచ్చాడు. ఆ సినిమా ఆర్ట్ డైరెక్షన్‌కూ, స్పెషల్ ఎఫెక్ట్స్‌కూ ఆస్కార్లు వచ్చాయి.

అపోహ: ఇది కొత్త ఫ్యాషన్, కోట్లు పోస్తేగానీ కుదరదు

పేరు మాత్రమే కొత్తది. 1987లో రచయిత కె. డబ్ల్యూ. జీటర్ ‘లోకస్’ అనే సైన్స్ ఫిక్షన్ పత్రికకు రాసిన ఉత్తరంలో ఆ పేరు సరదాగా వాడాడు. అంతకు చాలా ముందే, 1958లో, చెకోస్లొవేకియాలో దర్శకుడు కారెల్ జెమాన్ వెర్న్ కథతో ఒక నలుపు తెలుపు సినిమా తీశాడు. పాత పుస్తకాల్లోని బొమ్మల్లో ఉండే సన్నటి గీతల్ని సెట్ల మీద కూడా గీయించి, నటుల్ని ఆ బొమ్మల మధ్య నడిపించాడు. నా మట్టుకు ఈ పద్ధతిలో దాన్ని మించింది రాలేదు. మరోపక్క 1999లో ‘వైల్డ్ వైల్డ్ వెస్ట్’ రాక్షస సాలీడు యంత్రాన్ని తెచ్చి, డబ్బు కుమ్మరించి, చివరికి చెత్త సినిమాలకిచ్చే ‘రాజీ’ (Razzie) అవార్డు మూటగట్టుకుంది.

అపోహ: అంతా గ్రాఫిక్సే

‘హ్యూగో’ సినిమాలో బొమ్మ గీసే మరమనిషి ఉంది కదా, దాన్ని నిజంగానే కాగితం మీద గీసేలా తయారుచేశారు. ఆ కథకు ప్రేరణ ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న 200 ఏళ్ల నాటి ఆటోమేటన్, అంటే కీ ఇస్తే తనంతట తానే కదిలే యంత్రపు బొమ్మ. అది 4 బొమ్మలు గీస్తుంది, 3 పద్యాలు రాస్తుంది. దాని జ్ఞాపకమంతా ఇత్తడి క్యామ్‌ల (తిరుగుతూ బొమ్మ చేతిని కదిలించే బిళ్లల) అంచుల్లోని ఎత్తుపల్లాల్లోనే ఉంటుంది. అంత దూరం వెళ్లలేకపోతే సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే బొమ్మ గడియారం దగ్గర 12 గంటలకు నిలబడండి, జనం ఎందుకు మూగుతారో తెలుస్తుంది.

అపోహ: గాగుల్స్ తప్పనిసరి

నిప్పురవ్వల మధ్య పనిచేసేవాడికి తప్పనిసరే. హాల్లో కూర్చుని టీ తాగేవాడికి దేనికి? ఇంకో మాట, కథలోకి రేడియోలు, ప్రొపెల్లర్ విమానాలు వచ్చేశాయంటే మీరు డీజిల్‌పంక్‌లోకి, అంటే తర్వాతి కాలపు డీజిల్ యంత్రాల శైలిలోకి, దిగినట్టే. ఆ సంగతి కాస్ట్యూమ్స్ వాళ్లకు ముందే చెప్పండి. లేదంటే కుట్టిన కోట్లన్నీ మళ్లీ విప్పాల్సొస్తుంది.