గ్యాస్ అందరికీ అంతే, నొప్పి మాత్రం కొందరికే

ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ పరిశోధకులు 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే పరీక్షల్లో పేగులో లోపమేదీ కనిపించకపోయినా కడుపునొప్పి, విరేచనాలు లేదా మలబద్ధకం వేధించే ఐబీఎస్ అనే జబ్బు ఉన్నవాళ్లు 29 మంది, ఏ జబ్బూ లేనివాళ్లు 29 మంది అందులో పాల్గొన్నారు. ఒక్కొక్కరికీ అర లీటరు పానీయంలో 40 గ్రాముల ఇన్యులిన్ కలిపి తాగించారు. ఇన్యులిన్ ఫ్రక్టాన్ల జాతికి చెందిన పిండిపదార్థం. ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లో ఉండేవి ఈ ఫ్రక్టాన్లే. వీటిని విడగొట్టే ఎంజైమ్ మనిషికి లేదు. అందుకని అవి అరగకుండానే పెద్దపేగుకు చేరతాయి, అక్కడి బ్యాక్టీరియా వాటిని తిని గ్యాస్ వదులుతుంది. పానీయం తాగాక ఎంఆర్ఐ తీసి పేగులో గ్యాస్ ఎంత చేరిందో కొలిచారు. రెండు జట్లలోనూ దాదాపు ఒకే మోతాదులో ఉంది. బాధ మాత్రం ఐబీఎస్ ఉన్నవాళ్లకే ఎక్కువైంది.

ఈ నొప్పిని తగ్గించుకునే దారి అంతా ఈ ఫలితంలోంచే మొదలవుతుంది. తేడా గ్యాస్‌లో లేదు, పేగు సాగినప్పుడు ఆ కబురు మోసే నరాల్లో ఉంది. పురీషనాళంలో చిన్న బెలూన్ పెట్టి గాలి నింపే పరీక్షల్లోనూ ఇదే బయటపడింది. మిగతావాళ్లకు కాస్త నిండుగా అనిపించే ఒత్తిడే ఐబీఎస్ ఉన్నవాళ్లలో చాలామందికి నొప్పిగా తెలుస్తుంది. కాబట్టి చేయవలసిన పనులు రెండు: పేగును సాగదీసే సరుకును తగ్గించడం, నరాల తీవ్రతను దించడం. ఎక్కువమంది మొదటిదానితోనే ఆగిపోతారు. ఇష్టమైనవన్నీ ఒక్కొక్కటిగా వదిలేస్తూ, చివరికి పెరుగన్నానికి పరిమితమై, అయినా నొప్పితోనే ఉంటారు.

నరాలు ఇలా ఎందుకు మారతాయన్నదానికి కొంత సమాధానం దొరికింది. 2000 మే నెలలో కెనడాలోని వాకర్టన్ పట్టణంలో తాగునీరు కలుషితమై రెండు వేల మందికి పైగా విరేచనాలతో మంచాన పడ్డారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి వాళ్లను గమనిస్తే, ఇన్ఫెక్షన్ పూర్తిగా తగ్గిపోయినా చాలామందిలో ఐబీఎస్ మిగిలిపోయింది. మామూలుగా తీవ్రమైన పేగు ఇన్ఫెక్షన్ వచ్చిన ప్రతి పదిమందిలో దాదాపు ఒకరికి ఇలా జరుగుతుంది. ఇన్ఫెక్షన్ సమయంలో తిన్న ఆహారాన్ని రోగనిరోధక వ్యవస్థ శత్రువుగా గుర్తుపెట్టుకోవడం, ఆ తర్వాత అది తిన్నప్పుడల్లా నరాల పక్కన ఉండే కణాలు వాటిని రెచ్చగొట్టే హిస్టమిన్ వంటి రసాయనాలు వదలడం ఒక కారణమని బెల్జియంలోని లూవెన్ శాస్త్రవేత్తలు 2021లో చూపించారు. స్కానింగ్‌లో ఏమీ కనిపించలేదు కాబట్టి నొప్పి లేనట్టే అని ఇంట్లోవాళ్లు అంటే నమ్మకండి. స్కానింగ్ పేగు ఆకారాన్ని చూపిస్తుంది, నరాల తీరును చూపించదు.

అయితే ఇది ఐబీఎస్సేనా అన్నది ముందు తేలాలి. ఈ జబ్బును గుర్తించడానికి డాక్టర్లు వాడే 2016 నాటి రోమ్-4 ప్రమాణాల ప్రకారం గత మూడు నెలల్లో సగటున వారానికి కనీసం ఒక రోజు కడుపునొప్పి ఉండాలి. ఆ నొప్పికి మల విసర్జనతో సంబంధం, ఎన్నిసార్లు విసర్జనకు వెళ్తారన్నదానిలో మార్పు, మలం రూపంలో మార్పు అనే మూడింటిలో కనీసం రెండు తోడవ్వాలి. బాధ మొదలై ఆరు నెలలైనా కావాలి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం, నిద్రలోంచి లేపే విరేచనాలు, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన బాధ, దగ్గరి బంధువుల్లో పెద్దపేగు క్యాన్సర్ - వీటిలో ఏది ఉన్నా ఈ వ్యాసంలోని చిట్కాలు పక్కనపెట్టి ముందు గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలవాలి. మన దేశంలో పేగు క్షయ కూడా ఇలాగే మొదలవుతుంది. విరేచనాలు ఎక్కువగా ఉన్నవాళ్లకు రక్తపరీక్ష, ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ, పేగు వాపును చూపే మలంలోని కాల్‌ప్రొటెక్టిన్, సీలియాక్ (గోధుమల్లోని గ్లూటెన్ పడని జబ్బు) కోసం టీటీజీ పరీక్ష చేస్తే చాలావరకు స్పష్టత వస్తుంది. టీటీజీ పరీక్షకు ముందే గోధుమలు మానేస్తే జబ్బు ఉన్నా లేనట్టు ఫలితం రావచ్చు. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో విరేచనాలకు ఆ మాత్రే కారణం కావచ్చు. మెల్లగా కరిగే రకానికి మారితే చాలామందికి తగ్గుతుంది, డాక్టరును అడగండి.

మన దగ్గర ఇంకో అలవాటుంది. కడుపులో ఏ బాధ వచ్చినా గ్యాస్ ట్రబుల్ అని పొద్దున్నే పరగడుపున పాంటాప్రజోల్ వేసుకోవడం. అది జీర్ణాశయంలో ఆమ్లాన్ని తగ్గించే మందు. బొడ్డు కింద వచ్చే పేగు నొప్పికి దానితో పని లేదు. పరీక్షలో ఏమీ తేలకుండానే అమీబియాసిస్ అనుకుని మెట్రోనిడజోల్ కోర్సులు మళ్లీ మళ్లీ వాడటమూ అంతే.

నొప్పి మెలిపెడుతున్న గంటలో ఏం చేయాలి? వేడినీళ్ల సంచిని తువ్వాలులో చుట్టి పొత్తికడుపు మీద 15-20 నిమిషాలు ఉంచండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, ఒక చెయ్యి బొడ్డు మీద పెట్టి, నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు పొట్ట పైకి లేచేలా గాలి పీల్చి, ఆరు అంకెలంతసేపు వదలండి. పది నిమిషాలు చాలు. ఉబ్బరంతో బాధపడేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. వాళ్లలో చాలామందికి పేగులో గాలి ఎక్కువ లేకపోయినా ఉదరవితానం, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండరం, కిందికి దిగి, పొట్ట కండరాలు వదులై కడుపు ముందుకొస్తుంది. ఊపిరిని సరిచేస్తే ఆ తీరు మారుతుంది.

ఆధారం ఉన్న మందుల్లో ఒకటి పెప్పర్‌మింట్ నూనె క్యాప్సూల్. అందులోని మెంథాల్ పేగు కండరంలోకి కాల్షియం వెళ్లే దారులను మూసి కండరాన్ని వదులు చేస్తుంది. మోతాదు 0.2 మిల్లీలీటర్ల క్యాప్సూల్ ఒకటి, రోజుకు మూడుసార్లు, భోజనానికి అరగంట నుంచి గంట ముందు. పై పొర పేగులోకి వెళ్లాకే కరగాలి, కాబట్టి నమలకూడదు. యాంటాసిడ్‌తో కలిపి వేసుకుంటే ఆ పొర జీర్ణాశయంలోనే కరిగి ఛాతీలో మంట మొదలవుతుంది. పుదీనా చట్నీ, పుదీనా టీ దీనికి బదులు కావు, వాటిలో నూనె అంత ఉండదు. పేగు కండరాన్ని వదులు చేసే ఇంకో మందు మెబెవెరిన్ అయితే 135 మిల్లీగ్రాముల మాత్ర భోజనానికి 20 నిమిషాల ముందు వేసుకోవాలి. నొప్పి వచ్చాక వేసుకుంటే అప్పటికి ఆలస్యమైపోతుంది. డైసైక్లోమిన్ పనిచేస్తుంది కానీ నోరు ఎండబెడుతుంది, గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్లకూ ప్రోస్టేట్ పెరిగినవాళ్లకూ పనికిరాదు. మందుల షాపులో అడిగితే ఇచ్చే కడుపునొప్పి మాత్రల్లో చాలావాటిలో డైసైక్లోమిన్‌తోపాటు మెఫెనమిక్ యాసిడ్ కూడా ఉంటుంది. అది జీర్ణాశయాన్ని, పేగును గాయపరచగల మందు, కనుక రోజూ వేసుకోకూడదు. అట్ట మీద పేరు చదివి కొనండి. ట్రమడాల్ వంటి నల్లమందు తరహా నొప్పి మాత్రలు పేగు కదలికను నెమ్మదింపజేసి కొన్నాళ్లకు నొప్పిని ఇంకా పెంచుతాయి.

పీచు తినమని అందరూ చెబుతారు, ఏ పీచో చెప్పరు. నెదర్లాండ్స్‌లో 275 మందిని మూడు జట్లుగా చేసి 12 వారాలపాటు రోజుకు 10 గ్రాముల చొప్పున ఒక జట్టుకు ఇసబ్‌గోల్, ఒక జట్టుకు గోధుమ తవుడు, ఒక జట్టుకు ఉత్తుత్తి మందుగా బియ్యప్పిండి ఇచ్చారు. 2009లో ఫలితాలు వచ్చాయి. మొదటి నెలలో ఇసబ్‌గోల్ జట్టులో 57 శాతం మందికి, బియ్యప్పిండి జట్టులో 35 శాతం మందికి ఉపశమనం దొరికింది. మధ్యలోనే మానేసినవాళ్లు తవుడు జట్టులోనే ఎక్కువ, బాధ పెరిగిందన్నారు. ఇసబ్‌గోల్ నీటిలో జిగురుగా మారి మలబద్ధకాన్నీ విరేచనాలనూ రెంటినీ సర్దుతుంది, నెమ్మదిగా పులుస్తుంది కాబట్టి గ్యాస్ తక్కువ. ఒక చిన్న చెంచాతో మొదలుపెట్టి, వారానికి ఒక చెంచా చొప్పున పెంచాలి. మొదటి రోజే రెండు పెద్ద చెంచాలు వేసుకుని ఉబ్బరం వచ్చిందని మానేసేవాళ్లే ఎక్కువ. పెద్ద గ్లాసు నీళ్లలో కలిపిన వెంటనే తాగేయాలి, గడ్డకట్టనిస్తే గొంతులో ఇరుక్కునే ప్రమాదం ఉంది. వేరే మాత్రలకు రెండు గంటల ఎడం ఇవ్వండి.

ఇక తిండి. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం 2005 నుంచి పెంపొందించిన పద్ధతిని ఫాడ్‌మ్యాప్ ఆహారం అంటారు. పేగులో సరిగా అరగక నీటిని లాగేవీ, పులిసి గ్యాస్ అయ్యేవీ అయిన చిన్న చక్కెరలన్నిటినీ కొద్దికాలం తగ్గించి, మళ్లీ ఒక్కొక్కటే తెచ్చుకుని చూడటం దీని సారం. ఐబీఎస్ ఉన్నవాళ్లలో సగం మందికి పైగా దీనితో మేలు కలుగుతుంది. మన భోజనంలో ఈ చక్కెరలు ఎక్కడున్నాయో చూద్దాం. ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లో ఫ్రక్టాన్లు. కంది, శనగ, రాజ్మా, జీడిపప్పుల్లో గాలక్టాన్లు. పాలల్లో ల్యాక్టోజ్. మామిడి, పుచ్చకాయ, తేనెల్లో ఎక్కువ ఫ్రక్టోజ్. క్యాలీఫ్లవర్‌లో, పుట్టగొడుగుల్లో మానిటాల్. నిర్భయంగా తినదగ్గవీ తక్కువేం కాదు: అన్నం, జొన్నరొట్టె, గుడ్డు, చేప, చికెన్, బంగాళాదుంప, క్యారెట్, పాలకూర, పిడికెడు వంకాయ లేదా బెండకాయ ముక్కలు, బొప్పాయి, కమలా, వేరుశనగ. బియ్యపు రవ్వ ఉప్మా ఉల్లి లేకుండా, అల్లం, కరివేపాకు, క్యారెట్‌తో చేసుకోవచ్చు. పల్లీ చట్నీలో వేయించిన శనగపప్పు కలపకండి.

వెల్లుల్లి లేని పోపు తినలేమనేవాళ్లకు ఒక ఉపాయం. ఫ్రక్టాన్లు నీటిలో కరుగుతాయి, నూనెలో కరగవు. బాణలిలో ముందు నూనె మాత్రమే పోసి, వెల్లుల్లి రేకలు పెద్దవిగా వేసి ఎర్రబడేదాకా వేయించి, ఒక్క ముక్క కూడా మిగలకుండా తీసేశాకే ఆవాలు, జీలకర్ర, టమాటా వేయండి. వాసన నూనెలో ఉంటుంది, చక్కెర రేకల్లోనే పోతుంది. పులుసులో వెల్లుల్లి వేసి తర్వాత ఏరేస్తే మాత్రం లాభం లేదు, అప్పటికే ఫ్రక్టాన్లు పులుసులో కలిసి ఉంటాయి. ఈ నూనెను ఏ పూటకాపూటే చేసుకోవాలి. బయట నిలవ ఉంచితే బొటులిజం అనే ప్రాణాంతకమైన విషాహార జబ్బు కలిగించే బ్యాక్టీరియా పెరగవచ్చు. ఇంగువ చిటికెడు బాగా సరిపోతుంది, కానీ డబ్బా ఇంగువలో చాలాసార్లు మైదా కలుస్తుంది. అంత కొంచెం వల్ల ఐబీఎస్‌కు నష్టం లేదు, సీలియాక్ ఉన్నవాళ్లు మాత్రం చూసి కొనాలి.

పప్పు విషయంలోనూ ఇదే సూత్రం. రాత్రి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ఉడికించి, అవీ వార్చేస్తే గాలక్టాన్లు చాలావరకు పోతాయి. తేలికగా ఉంటుందని పప్పు మీది కట్టు తాగేవాళ్లు సరిగ్గా ఆ చక్కెరనే తాగుతున్నారు. గ్యాస్‌కు మంచిదని ఎక్కువసేపు మరిగించి తాగే సోంపు కషాయంలో కూడా ఫ్రక్టాన్లు దిగుతాయి. ప్యాకెట్ మసాలాలు, సాంబారు పొడి, కారప్పొడిలో వెల్లుల్లి ఉందేమో చూడాలి. మిరపకారంలోని క్యాప్సైసిన్ పేగులోని నొప్పి నరాలనే నేరుగా రెచ్చగొడుతుంది కాబట్టి ఈ కొన్ని వారాలు ఆవకాయను పక్కన పెట్టడం మంచిది.

ఇలా నాలుగు వారాలు, ఎక్కువలో ఎక్కువ ఆరు. ఆరు వారాలకీ మార్పు లేకపోతే ఈ పద్ధతి మీకు కాదు, వెంటనే మామూలు తిండికి రండి. మార్పు కనిపిస్తే అసలు పని అప్పుడు మొదలవుతుంది. చాలామంది ఇక్కడే ఆగిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. నెలల తరబడి ఇదే తిండి తింటే పేగులో మేలు చేసే బిఫిడో బ్యాక్టీరియా తగ్గుతుంది, ఒంటికి కావలసినవి అందవు, పెళ్లికో పబ్బానికో వెళ్లాలంటే భయం పట్టుకుంటుంది.

తిరిగి తెచ్చుకునే తీరు ఇది. మిగతా తిండి అలాగే ఉంచి, ఒక్క పదార్థాన్నే మూడు రోజులు పెంచుతూ తినండి. పాలైతే పావు కప్పు, మర్నాడు అర కప్పు, మూడో రోజు ఒక కప్పు. గోధుమ అయితే ఒక పుల్కా, రెండు, మూడు. ఉడికించిన కందిపప్పు రెండు చెంచాలు, పావు కప్పు, అర కప్పు. తర్వాత రెండు మూడు రోజులు విరామం ఇచ్చి ఇంకోదానికి వెళ్లండి. నొప్పికి సున్నా నుంచి పది దాకా అంకె వేసి, తిన్న వేళతో సహా కాగితం మీద రాయండి. గ్యాస్ వల్ల వచ్చే నొప్పి తిన్న వెంటనే కాక కొన్ని గంటలకు రావచ్చు, అందుకే రాత్రి తిన్నదానికి వచ్చిన నొప్పిని పొద్దుటి ఇడ్లీ మీద వేసేస్తుంటారు. తిన్న పది నిమిషాలకే బాత్రూముకు పరుగెత్తాల్సి వస్తే అది ఆ పదార్థం తప్పు కాకపోవచ్చు. జీర్ణాశయం నిండగానే పెద్దపేగు కదలడం అందరిలోనూ ఉండే ప్రతిచర్య. ఐబీఎస్‌లో, అందులోనూ నూనె ఎక్కువైన పెద్ద భోజనం తర్వాత, అది బలంగా వస్తుంది. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తింటే తగ్గుతుంది. గోధుమ పడనివాళ్లకు ఉల్లి పడవచ్చు, ఒక కప్పు పడనివాళ్లకు అర కప్పు పడవచ్చు. బరువు తక్కువగా ఉన్నవాళ్లు, గర్భిణులు, పిల్లలు మాత్రం డైటీషియన్ పర్యవేక్షణ లేకుండా ఇది చేయకూడదు.

తిండి సర్దినా నొప్పి మిగిలితే నరాల వైపు చూడాలి. మాంచెస్టర్‌లో పీటర్ హోర్వెల్ 1984లో తీవ్రమైన ఐబీఎస్ ఉన్న 30 మందితో పేగు మీద దృష్టి పెట్టే హిప్నోథెరపీని పరీక్షించి మంచి ఫలితం చూపించారు. ఆలోచనలను, అలవాట్లను మార్చే మానసిక చికిత్స అయిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీకీ బలమైన ఆధారాలున్నాయి. మెదడు, పేగు రెండు వైపులా కబుర్లు పంపుకుంటాయి కాబట్టి పైనుంచి వెళ్లే కబురును మార్చినా కింద నొప్పి తగ్గుతుంది. వీటిని నేర్పేవాళ్లు అందుబాటులో లేనివాళ్లకు అమిట్రిప్టిలిన్ అనే మాత్ర ఉంది. 2023లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్ పరీక్షలో 463 మంది పాల్గొన్నారు. రాత్రి 10 మిల్లీగ్రాములతో మొదలై, పడితే మూడు వారాల్లో 30 దాకా పెంచుకున్నారు. ఆరు నెలలకు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకంటే వీళ్లకు బాధ బాగా తగ్గింది. ఇది డిప్రెషన్ మందు కదా అని చీటీ చూసి చాలామంది మానేస్తారు. డిప్రెషన్‌కు వాడే మోతాదు దీనికి ఎన్నో రెట్లు. ఇక్కడ దాని పని పేగు నుంచి మెదడుకు వెళ్లే నొప్పి కబురును తగ్గించడమే. మలాన్ని కొంత గట్టిపరుస్తుంది కాబట్టి విరేచనాలు ఎక్కువగా ఉండే రకం ఐబీఎస్‌కు ఎక్కువ నప్పుతుంది. మలబద్ధకం ఉన్నవాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. గుండె లయ తప్పే జబ్బు, గ్లకోమా, ప్రోస్టేట్ బాధ ఉన్నా చెప్పాలి. మొదటి వారంలో పొద్దున మత్తుగా ఉంటే మాత్రను పడుకునే వేళకు కాక రాత్రి భోజనం వేళకు జరపండి. నాలుగైదు వారాలు గడవకుండా పనిచేయలేదని ఆపకండి. ఆపేటప్పుడు కూడా ఒక్కసారిగా కాక డాక్టరు చెప్పినట్టు 10 మిల్లీగ్రాముల చొప్పున దించండి.