గొడవ ముదిరాకే గుర్తొచ్చే వకీలు

వరంగల్, కరీంనగర్, జగిత్యాల చుట్టుపక్కల జానపద పాట ఇప్పుడు ఒక చిన్న పరిశ్రమ. పాట కట్టేది ఒకరు, పాడేది ఇంకొకరు, పెట్టుబడి మరొకరిది, యూట్యూబ్ చానల్ ఎవరి ఫోను నంబరు మీద తెరిచారో వారి చేతిలో తాళంచెవి. పాటను లక్షల మంది చూసేదాకా అందరూ స్నేహితులే. తర్వాత మొదలయ్యే పేచీ హనుమకొండ అదాలత్ కూడలి దాకా వస్తే, న్యాయవాది అడిగే మొదటి ప్రశ్నకే చాలామంది నీళ్లు నములుతారు. రాసుకున్న కాగితం ఏదీ?

కళాకారులకు ఒప్పందాలు తెలియవనుకోవడం పట్నవాసుల అపోహ. ఈ ప్రాంతపు ఆశ్రిత కులాల కళ అంతా కట్టుబాటు మీదే నడిచింది. చిందు వారు మాదిగలకు, ఒగ్గు కథకులు కురుమలకూ గొల్లలకూ, కాకిపడగల వారు ముదిరాజులకు, కూనపులి వారు పద్మశాలీలకు కథ చెప్పేవారు. ఏ మేళానికి ఏ ఊళ్లు మిరాశి, అంటే వంశపారంపర్య హక్కు, అన్నది ముందే తేలి ఉండేది. ఒకరి ఊళ్లో మరొకరు ఆడితే పంచాయితీ తప్పదు. కొన్ని కుటుంబాల దగ్గర ఈ హక్కులను చెప్పే రాగి పత్రాలు కూడా ఉండేవి. అది కులం గీసిన గీత లోపలి న్యాయం, దాన్ని మరీ ముద్దు చేయనక్కరలేదు. అయినా ఎవరికి ఏమి ముట్టాలో ఆట మొదలుకాకముందే తెలిసేది. సినిమా, రేడియో, క్యాసెట్ వచ్చాక ఆ ఏర్పాటు సడలిపోయింది. కొత్త ఏర్పాటు చట్టాల పుస్తకంలో పుట్టింది గానీ ఊరికి చేరలేదు.

స్వతంత్ర భారతంలో కాపీరైట్ చట్టం 1957లో వచ్చింది, 1958 జనవరి 21 నుంచి అమలైంది. రచయితకు, స్వరకర్తకు అందులో చోటుంది. పాడేవారికి, ఆడేవారికి లేదు. పైగా సినిమా పాట విషయంలో 1977లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు రచయితల చేతులు కట్టేసింది. నిర్మాత డబ్బిచ్చి రాయించుకున్న పాటకు, వేరే ఒప్పందం లేకపోతే, నిర్మాతే మొదటి యజమాని అని ఆ తీర్పు సారాంశం. అదే తీర్పుకు జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఒక మాట జోడించారు. గాయకుడికి చట్టంలో చోటు లేకపోవడాన్ని ఎత్తిచూపి, పార్లమెంటు ఆలోచించాలన్నారు. పార్లమెంటు ఆలోచించడానికి పదిహేడేళ్లు పట్టింది. ప్రదర్శకుల హక్కును 1994 సవరణ తెచ్చింది, అది 1995 మే 10న అమలులోకి వచ్చింది. అంటే 1980లలో క్యాసెట్ల మీద తిరిగిన జానపద గొంతులకు, చేతిలో పెట్టిన డబ్బు తప్ప చట్టం దృష్టిలో ఏ హక్కూ లేదు. 2024లో పద్మశ్రీ అందుకున్న గడ్డం సమ్మయ్య వంటి చిందు యక్షగాన కళాకారులు తమ జీవితంలో చాలా భాగం ఆడింది ఇలాంటి కాలంలోనే.

అసలు మలుపు 2012లో వచ్చింది. అప్పట్లో రాజ్యసభ సభ్యుడిగా ఉన్న హిందీ సినీ కవి జావేద్ అఖ్తర్ గట్టిగా పట్టుబట్టిన కాపీరైట్ చట్ట సవరణ జూన్ 21న అమలైంది. భూపాలపల్లి జిల్లా చల్లగరిగ నుంచి వెళ్లిన చంద్రబోస్ 1990ల మధ్యలో సినిమా పాటలు మొదలుపెట్టినప్పుడు లేని రక్షణ ఇది. పాట హక్కులు రాసిచ్చినా, రాయల్టీలో, అంటే పాట వాడకం మీద వచ్చే సొమ్ములో, సమాన వాటా పొందే హక్కును మాత్రం రచయిత, స్వరకర్త వదులుకోవడానికి వీల్లేదు. వదులుకున్నట్టు సంతకం పెట్టినా అది చెల్లదు. ఆ వాటాను వారసులకు గానీ, హక్కుదారుల తరఫున రాయల్టీ వసూలు చేసే కాపీరైట్ సంఘానికి గానీ తప్ప ఇంకెవరికీ రాసివ్వలేరు. ఇది సినిమా పాటకే పరిమితమని అనుకునేవారు ఎక్కువ. సినిమాలో లేని పాటల రికార్డింగుకూ ఇదే రక్షణ ఉంది. జగిత్యాలలో చిన్న స్టూడియోలో రికార్డయిన పాట కూడా అందులోకి వస్తుంది.

ఇక్కడ జానపదానికి ఒక చిక్కుంది. అమ్మమ్మలు నాట్లు వేస్తూ పాడిన పాత పాట ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా పాడుకోవచ్చు. దానికి కొత్తగా చేర్చిన చరణాలు వాటిని రాసినవారివి. కొత్త బాణీ కట్టినవారిది. రికార్డింగు, దానికి చొరవ తీసుకుని బాధ్యత వహించిన నిర్మాతది. పాడినవారి హక్కు వేరే. ఒకే పాటలో ఇన్ని పొరలు ఉన్నప్పుడు "ఇది నా పాట" అని ఇద్దరు అనడంలో ఇద్దరి మాటా నిజం కావచ్చు. యూట్యూబ్ యంత్రానికి మాత్రం ఈ పొరలు పట్టవు, ముందుగా తన పేరున నమోదు చేసుకున్నవారి వైపే మొగ్గుతుంది.

కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. హక్కుల బదిలీ మాత్రం రాతపూర్వకంగా, సంతకంతో జరగాలని చట్టం చెబుతుంది. నోటి మాటకు విలువ లేదు. ఎన్నాళ్లకో రాయకపోతే అయిదేళ్లు, ఎక్కడిదాకో రాయకపోతే భారతదేశం వరకు అని లెక్క. తీసుకున్నవారు ఏడాదిలోగా ఆ హక్కును వాడకపోతే, వేరే మాట రాసుకోనప్పుడు, అది తిరిగి ఇచ్చినవారికే. నన్ను అడిగితే, పాటగాళ్లకు వేదికల మీది సన్మానాలకన్నా ఈ మూడు నియమాలు చెప్పే మనిషి ఎక్కువ అవసరం.

ఆ మనిషి ఊళ్లో ఎందుకు కనిపించడన్నదానికి న్యాయవృత్తి చరిత్రలోనే కారణాలున్నాయి. జిల్లా కోర్టుల పని ప్రధానంగా భూమి, కుటుంబం, నేరం, చెల్లని చెక్కు. 1988 సవరణతో, చెల్లని చెక్కు ఇవ్వడాన్ని నేరం చేసే 138వ సెక్షన్ వచ్చి, 1989 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యాక చెక్కు కేసులు వకీళ్లకు రోజువారీ పని అయ్యాయి. కాపీరైట్ దావా జిల్లా కోర్టుకన్నా కింద నడవదు. ఉమ్మడి వరంగల్ జిల్లా విడిపోయినా, ములుగు, భూపాలపల్లి వంటి చోట్ల సొంత జిల్లా కోర్టులు 2022 జూన్ 2న గానీ మొదలుకాలేదు. కళాకారుడు తాను ఉండే జిల్లాలోనే దావా వేసుకోవచ్చని కాపీరైట్ చట్టం 62వ సెక్షన్ మొదటి నుంచీ చెబుతున్నా, ఇలాంటి తగువంటే హైదరాబాదే అన్న అలవాటు పాతుకుపోయింది.

ఇంకో అడ్డం, న్యాయవాదుల నడవడికి నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ నిబంధన. న్యాయవాది ప్రకటన ఇచ్చుకోకూడదు. 2008లో వెబ్‌సైటులో పేరు, అర్హత, ప్రాక్టీసు చేసే రంగం వంటి కొన్ని వివరాలకే సడలింపు వచ్చింది. వృత్తి గౌరవం కోసం పెట్టిన నియమమే కావచ్చు, కానీ పాటల ఒప్పందాలు తెలిసిన వకీలు ఎవరో పరకాలలో ఉన్న గాయనికి తెలిసే దారి మూసుకుపోయింది. "గెలిస్తే సగం మీరే తీసుకోండి" అనడానికీ లేదు, గెలుపులో వాటా తీసుకోవడం న్యాయవాదికి నిషిద్ధం.

ఈ కళ వెనుక నడిచే చిన్న వ్యాపారాల కథ కూడా ఇంతే. ఫొటో స్టూడియో, సౌండ్ సిస్టమ్, ఫ్లెక్సీ ప్రింటింగ్, ఎడిటింగ్ గది. పెళ్లివారు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలకు, వేరే ఒప్పందం లేకపోతే, పెళ్లివారే మొదటి యజమానులు. ఇది తెలియక వాటిని తమ ప్రచారానికి వాడుకునే స్టూడియోలు లెక్కలేనన్ని. ఇద్దరు మిత్రులు లాభం పంచుకుందామని చానల్ నడిపితే అది చట్టరీత్యా భాగస్వామ్యమే. 1932 నాటి చట్టం ప్రకారం రిజిస్టరు కాని సంస్థ బాకీ కోసం బయటివారి మీద దావా వేయలేదు. విడిపోయి లెక్కలు తేల్చమని అడిగే దారి మాత్రం తెరిచే ఉంది.

రావలసిన డబ్బు సంగతికి 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ఉంది. అది అక్టోబరు 2న అమలులోకి వచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఈ బాకీల తగువు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉత్తర్వు మీద కోర్టుకెక్కాలంటే కొనుగోలుదారు ముందు 75 శాతం డిపాజిట్ చేయాలి. ఎడిటింగ్, ప్రింటింగ్ చేసేవారు పని ఒప్పుకోకముందే 2020 జూలైలో మొదలైన, ఇలాంటి సంస్థల ప్రభుత్వ నమోదు అయిన ‘ఉద్యం’ చేయించుకుని ఉంటే ఈ ఆయుధం వారి చేతిలో ఉంటుంది. ఎన్నికలప్పుడు ఫ్లెక్సీలు వేసి, బిల్లు పట్టుకుని తిరిగే ముద్రాపకుడికి ఈ నమోదు బ్యాంకు అప్పు కోసమే అన్న భ్రమ ఇంకా వదలలేదు.

షూటింగు పనివారికి రాతపూర్వక ఒప్పందం ఉండాలని 1981లోనే సినీ కార్మికుల చట్టం చెప్పింది. అది కథాచిత్రాలకే వర్తించింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్ పరిధి పెద్దది, వెబ్ సిరీస్, డిజిటల్ నిర్మాణాలు కూడా అందులో చేరాయి.

ఉచిత న్యాయ సహాయానికి 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ఉంది, 1995 నవంబరు 9న అమలైంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయ పరిమితి లేదు. అంటే గాయనులు, చిందు కళాకారులు నేరుగా అర్హులు. ఈ చట్టం పేరు వినగానే అందరికీ గుర్తొచ్చేది లోక్ అదాలత్, కేసు రాజీ. అయితే న్యాయసేవ అంటే ఏమిటో చెప్పే నిర్వచనంలో కోర్టులో వాదించడంతో పాటు "ఏ న్యాయ విషయంపైనైనా సలహా" అనే మాట కూడా ఉంది. సంతకం పెట్టబోయే పాట ఒప్పందాన్ని చదివి చెప్పమని జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగడం, ఆ మాట ప్రకారం, పూర్తిగా సబబే. మూడు లక్షలకు తక్కువ కాని వాణిజ్య వివాదాల్లో, అత్యవసర ఉత్తర్వులు అవసరం లేనప్పుడు, దావాకు ముందు జరగాల్సిన మధ్యవర్తిత్వం కూడా 2018 నుంచి ఇదే సంస్థ ద్వారా నడుస్తోంది. కోర్టు ప్రాంగణంలోనే ఉండే ఆ కార్యాలయానికి వెళ్లలేనివారు 15100కు ఫోను చేయవచ్చు.